పూసలు కట్టిన వెలుగు

ఇంద్రజ ఆ రోజు చెన్నైలోని చూలైకి గొడవ పెట్టుకోవడానికే వెళ్ళింది. కానీ గొడవపడాల్సిన మనిషి నోట్లో రబ్బరు గొట్టం ఉంది.

అది నియాన్ బోర్డులు చేసే కొట్టు. ఇరుకు వీధిలో, ఇనప సామాన్ల కొట్టుకీ అట్టపెట్టెల కొట్టుకీ మధ్య ఒదిగి కూర్చున్నట్టు ఉంది. లోపల ఒక యువకుడు నీలి మంట ముందు నిలబడి పొడవాటి గాజు గొట్టాన్ని వంచుతున్నాడు. మెత్తబడిన గాజు వంపు దగ్గర నొక్కుకుపోకూడదు. అందుకని దాని చివర తగిలించిన రబ్బరు గొట్టాన్ని పళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా గాలి ఊదుతున్నాడు. వంపు తిరిగేదాకా అతను నోరు తెరవడానికి లేదు.

ఆ సంగతి ఇంద్రజకు తెలియదు. వానలో తడిసి వచ్చింది. చున్నీలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు తొడిగిన గాజు ట్యూబును మాత్రం తడవనివ్వలేదు. హాస్టల్లో తన గదిలోనే ఉండే రంజని దగ్గర నేర్చుకున్న తమిళమంతా కూడగట్టుకుంది. ఈ ట్యూబు మేం అడిగినట్టు లేదని, ఇలా జరగడం ఇది రెండోసారని, చదువుకునేవాళ్ళ పని ఆగిపోయిందని అప్పజెప్పింది.

అతను ఒక కనుబొమ్మ ఎత్తాడు. అంతే.

నేర్చుకొచ్చిన తమిళం అక్కడికి అయిపోయింది. "ఏం మనిషో, ఉలకడు పలకడు," అని తెలుగులో గొణుక్కుంది.

వంపు తిరిగింది. అతను గాజును పక్కన పెట్టి, నోట్లోంచి గొట్టం తీశాడు.

"ఉలికితే గాజు ఇరిగిపోతాది మేడం. పలికితే ఊదేది ఎవురు?"

ఇంద్రజ చెవులు వేడెక్కాయి. కొట్టు వెనక బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన నవ్వు ఆపుకోవడం కూడా కనిపించింది. ఆయన మునిస్వామి, ఈ కొట్టు యజమాని. గాజు వంచుతున్నది ఆయన కొడుకు శ్రీకుమార్. ఎన్నో తరాల కిందట నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం వాళ్ళది.

శ్రీకుమార్ ట్యూబు అందుకుని ట్రాన్స్‌ఫార్మరుకు తగిలించాడు. ఈ చివర నుంచి ఆ చివరికి నారింజ రంగు వెలుగు పాకింది. ఎక్కడా మచ్చ లేదు, వణుకు లేదు.

"ఏం తప్పుండాది ఇందులో?"

"ఏ తప్పూ లేదు. అదే తప్పు."

అతను ఆమె వంక చూశాడు. వానకు ఆమెకేమైనా అయిందా అన్నట్టు చూశాడు. ఇంద్రజ స్టూలు లాక్కుని కూర్చుంది. ఇక విషయం మొదటినుంచీ చెప్పక తప్పలేదు.

గాజు ట్యూబులోంచి గాలిని దాదాపుగా తోడేసి, మిగిలిన కాస్త వాయువు గుండా కరెంటు పంపితే వెలుగు వస్తుంది. ఒక్కో పీడనం దగ్గర ఆ వెలుగు ఒకే ధారగా ఉండదు. ముక్కలవుతుంది. ఒక వెలుగు, ఒక చీకటి, మళ్ళీ వెలుగు, మళ్ళీ చీకటి. వాటిని స్ట్రయేషన్లు అంటారు. ఇంద్రజ పరిశోధన ఆ చారల మీదే. కాలేజీలో పంపు పాడై చాలా కాలమైంది. అందుకే ఆమె గైడు సుందర్‌రాజ్ సారు, సీలు చేసిన ట్యూబు కావాలని ఈ కొట్టుకు ఫోను చేశారు.

శ్రీకుమార్ ఆ మాట పూర్తి కానివ్వలేదు. మొదటి ట్యూబు సైజు మాత్రమే తనకు చెప్పారని, మామూలుగా నియాన్ నింపి పంపానని అన్నాడు. రెండోసారి సారు ఫోను చేసి, నియాన్ వద్దు, రవ్వంత గాలి మాత్రం మిగల్చమని చెప్పారు. అలాగే చేశాడు. వెలిగించి చూస్తే లోపలంతా పూసలు.

"పూసలా?"

"మేము అట్టే అంటాం. వెలుగు పూసలు పూసలుగా తెగిపోతే ఆ బోర్డు పురుగు తిన్నట్టు కనపడతాది. కొన్నోళ్ళు మర్నాడే తిప్పి పంపిస్తారు. అందుకని మళ్ళా కాల్చి, శుభ్రం చేసి, మంచిగా నియాన్ నింపి ఇచ్చినా. సారు చెప్పింది పొరపాటనుకున్యా. పోనీలే, చదువుకునే పిల్లోళ్ళు గదా అని."

అంటే ఇంద్రజకు కావలసిన చారలు ఈ బల్ల మీద ఒకసారి వచ్చాయి. ఇతను జాలిపడి వాటిని తుడిచేశాడు.

గొడవ పెట్టుకోవాలని వచ్చిన మనిషికి నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయింది. అతనూ నవ్వాడు. వెనక మునిస్వామి మాత్రం నవ్వలేదు. పూసలు కట్టిన ట్యూబు తన కొట్టులోంచి బయటికి పోవడమేమిటని ఆయన బాధ.

మూడో ట్యూబును ఆమె కళ్ళెదుటే చేశాడు. పంపు గాలిని తోడుతుంటే మొదట సన్నని ఊదారంగు దారం ఒకటి లోపల మెలికలు తిరిగింది. తర్వాత దారం లావై ట్యూబంతా గులాబీరంగు నిండింది. తర్వాత, ఎవరో వేలితో నొక్కుకుంటూ పోయినట్టు, ఆ రంగు బిళ్ళలు బిళ్ళలుగా విడిపోయింది.

"అక్కడే. అక్కడ ఆపండి," అంది ఇంద్రజ.

చిన్నప్పుడు పల్లెటూరి బడిలో సైన్సు మాస్టారు నల్లబల్ల మీద ఈ ట్యూబు బొమ్మ గీసి, దీన్ని చూడాలంటే మద్రాసు పోవాలి, ప్రస్తుతానికి బట్టీ పట్టండి అన్నాడు. పామూరు దగ్గర ఆ పల్లె నుంచి ఇంత దూరం వచ్చి, చివరికి ఒక కొట్టులో, వానచప్పుడులో, చెమట పట్టిన మనిషి పక్కన కూర్చుని చూస్తోంది. రెప్ప వేయాలనిపించలేదు.

కాసేపటికి గమనించింది. శ్రీకుమార్ ట్యూబును చూడటం లేదు.

ట్యూబు తీసుకుపోతానంటే మునిస్వామి ఒప్పుకోలేదు. ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది. చేసిన రోజే ఏ ట్యూబూ గడప దాటదు. గోడకున్న చెక్కపలక మీద మర్నాటి దాకా వెలుగుతూ ఉండాలి. కొన్నవాళ్ళు మళ్ళీ వచ్చి, వెలుగుతుండగా తమ కంటితో చూసుకునే తీసుకెళ్ళాలి. మునిస్వామి నాయన కాలం నుంచీ అంతే.

"రేపొచ్చి చూసుకోమ్మా," అన్నాడాయన.

అలా ప్రతి ట్యూబుకూ రెండు ప్రయాణాలయ్యాయి. కాలేజీ ఉన్న గిండీలో రైలెక్కి పార్క్ స్టేషన్లో దిగి, అక్కణ్ణుంచి బస్సు. మొదట్లో ఇదేం పద్ధతి అని విసుక్కున్న ఇంద్రజ, తర్వాత విసుక్కోవడం మానేసింది. సన్న ట్యూబు, లావు ట్యూబు, తక్కువ పీడనం, ఇంకా తక్కువ పీడనం. పరిశోధనకు అన్నీ అవసరమే. రంజని మాత్రం నమ్మేది కాదు. సైన్సు ఇంత శ్రద్ధగా తల దువ్వుకోవడం తానెప్పుడూ చూడలేదనేది.

శ్రీకుమార్ తెలుగు వింటే ఇంద్రజకు మొదట్లో నవ్వాగేది కాదు. బయటంతా అతనిది తమిళమే. తెలుగు మాట్లాడేది ఇంట్లో అవ్వతో మాత్రమే. ఆ అవ్వ మునెమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు కాబట్టి, పాతికేళ్ళు దాటిన మగవాడి నోట ముసలమ్మ మాటలొచ్చేవి. "ఏం తల్లా, మొహం వాడిపోయుండాదే, అన్నం తిన్యావా లేదా," అని పలకరించేవాడు. ఇంద్రజ ఒకసారి, అలాగే అవ్వా, తింటాను అంది. అతను వారం పాటు అలిగినట్టు నటించి, మేడం అని తప్ప పిలవలేదు.

ఒక సాయంత్రం ఆమె రైల్లో కాలేజీకి తిరిగి వెళుతుంటే కోడంబాక్కంలో బండి ఆగింది. అవతలి ప్లాట్‌ఫారం మీద శ్రీకుమార్ కనిపించాడు. సినిమా సెట్టుకు చేసిన బోర్డొకటి బొంతలో చుట్టి చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె ఆలోచించలేదు. దిగిపోయింది. మెట్లెక్కి, వంతెన దాటి, అవతలివైపు దిగింది. తీరా ఎదురుపడ్డాక, పార్క్ స్టేషన్ దగ్గర గొడుగు మరిచిపోయాను అంది. గొడుగు ఆమె చేతిలోనే ఉంది.

అతను గొడుగు వంక చూశాడు. బండి రాగానే ఎక్కి, ఇద్దరి మధ్యా బొంతను కూర్చోబెట్టాడు. సెట్టువాళ్ళు అక్షరం వంపు మార్చమన్నారట, వెనక్కి తీసుకుపోతున్నాడు.

బయట జల్లు మొదలైంది. కిటికీ గాజు మీద చుక్కలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. కాసేపటికి అతను అడిగాడు.

"చాన్నాళ్ళుగా అడగాలనుకుంటా ఉండా. వెలుగు సరే. ఆ మధ్యలో నల్లగా ఉండే చోట ఏముంటాది? ఏమీ ఉండదా?"

"ఉంటుంది. ఎలక్ట్రాన్లు అక్కడా ఉంటాయి. పరిగెత్తుతుంటాయి, శక్తి కూడబెట్టుకుంటూ. చాలినంత పోగయ్యాక వాయువు అణువుల్ని గుద్దుకుంటాయి. అప్పుడే వెలుగు. కూడబెట్టిందంతా అక్కడ పోతుంది. మళ్ళీ మొదటికి."

"మళ్ళా నల్లచోటు."

"మళ్ళీ నల్లచోటు."

అతను బొంత అంచు సర్దాడు. "అయితే పనంతా చీకట్లోనే జరగతా ఉండాది. పేరు మాత్రం వెలుగుది."

ఇంద్రజ తన గైడుతో, తోటివాళ్ళతో ఈ చారల గురించి ఎంత మాట్లాడిందో. ఇలా ఎవరూ అనలేదు. పార్క్ స్టేషన్ వచ్చింది. అతను దిగి, వానలో బొంతకు తన చొక్కా అడ్డం పెట్టుకుంటూ వెళ్ళాడు. గొడుగు ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఇచ్చి ఉండాల్సింది అని హాస్టలు చేరేదాకా అనుకుంది.

ఏడాది గడిచింది. ఆయుధపూజ వచ్చింది.

ఆ రోజు చూలైలో ప్రతి కొట్టూ కడిగి, మామిడాకులు కట్టి ఉంది. మునెమ్మ అవ్వ గిన్నెలో గంధం కలుపుకుని, పంపుకు బొట్టు పెట్టింది, బర్నరుకు పెట్టింది, ట్రాన్స్‌ఫార్మరుకు పెట్టింది. ఆ వరసలోనే పక్కన నిలబడ్డ ఇంద్రజకూ పెట్టి ముందుకు పోయింది. చుట్టుపక్కల కొట్లవాళ్ళు బొరుగుల పొట్లాల కోసం వచ్చి నిలబడి ఉన్నారు. ఒక్కసారిగా నవ్వారు.

అవ్వ వెనక్కి తిరిగింది. "ఏం తల్లా, ఎండని లేదు వానని లేదు, అంత దూరం నుంచి వస్తా ఉండావే. ఈ గాజు ముక్కల కోసరమేనా?"

అందరూ చూస్తున్నారు. నేల మీది తడిపాదాల గుర్తుల్ని చూస్తూ ఇంద్రజ అంది, "పని కోసమే అవ్వా. ట్యూబులైపోతే ఇక రావాల్సిన అవసరం ఉండదు."

తలెత్తితే ఎదురుగా శ్రీకుమార్. వీధిలో గుమ్మడికాయ కొట్టి, కుంకుమ అంటిన చేతులతో అప్పుడే లోపలికి వచ్చాడు. విన్నాడు. అతని ముఖంలో ఏదైనా మారుతుందేమోనని ఇంద్రజ చూసింది. ఏమీ మారలేదు. బొరుగుల పొట్లం ఆమె చేతిలో పెట్టి, "జాగ్రత్తగా పోండి మేడం, వానొచ్చేట్టుండాది," అన్నాడు.

ఆ తర్వాత ట్యూబుల కోసం ఆమె వెళ్ళాల్సిన పని లేకుండా పోయింది. వాళ్ళ ల్యాబులో అటెండరు కన్నియప్పన్ ఇల్లు పెరంబూరులో. అతను రోజూ ఆ దారినే వస్తాడు గదా, అతనితో పంపిస్తానని శ్రీకుమార్ మెసేజ్ పెట్టాడు. మర్నాడు వచ్చి చూసుకునే పద్ధతి కూడా ఫోనులోకి మారింది. చెక్కపలక మీద ట్యూబు వెలుగుతున్న వీడియో వచ్చేది. కింద, చూసుకున్నారా అని ఒక మాట. ఇంద్రజ, బాగుంది అని రాసేది. అతని నుంచి ఒక బొటనవేలు బొమ్మ. ఆ బొటనవేలిని ఎంతసేపు చూసినా అది బొటనవేలులాగే ఉండేది.

వీడియోను మాత్రం మళ్ళీ మళ్ళీ పెట్టుకునేది. ట్యూబు వెనక ఒక మూల అతని మోచేయి కనిపించేది. అప్పుడప్పుడు దగ్గు వినిపించేది. జలుబు చేసిందేమోనని రెండు రోజులు దిగులుపడింది. అడగలేదు. పని కోసమే వస్తున్నానన్న మనిషి దగ్గు గురించి ఎలా అడుగుతుంది?

తుపాను వానలు పట్టుకున్నాయి. కాలేజీ చెట్లు తడిసి నల్లబడ్డాయి. రైల్లో ఎటు వెళ్ళినా, కోడంబాక్కం రాగానే ఆమె కళ్ళు ప్లాట్‌ఫారం మీద బొంత కోసం వెతికేవి. బొంత మోసేవాళ్ళు అంతమంది ఉంటారని ఆమెకు అంతకు ముందు తెలియదు.

అన్నిటికంటే పెద్ద కష్టం ఏమిటంటే, అతని ట్యూబులు చెడిపోవు. ఒక్కటి వెలవెలబోతే, ఒక్కదానికి పగులొస్తే పట్టుకుని వెళ్ళొచ్చు. ప్రతి ఉదయం ల్యాబు తలుపు తీసి స్విచ్చు వేసేది. ప్రతి ఉదయం అవి వరసగా, నిక్షేపంగా వెలిగేవి.

థీసిస్ దాదాపు పూర్తయింది. కందుకూరులో ఒక డిగ్రీ కాలేజీవాళ్ళు లెక్చరరుగా రమ్మన్నారు. ఇంటికి దగ్గర. ఫోనులో అమ్మ గొంతు సంబరంతో చిన్నపిల్ల గొంతులా మారింది. ఇటు సుందర్‌రాజ్ సారు, ల్యాబుకు కొత్త ప్రాజెక్టు వచ్చిందని, ఇక్కడే ఉండి పని కొనసాగించమని అన్నారు. ఏదైనా సోమవారానికల్లా చెప్పమన్నారు. ఇంద్రజకు ఆ పని మీద మనసు ఉంది. కానీ చెన్నైలో ఉండిపోవాలనుకుంటున్నది చారల కోసమా, చూలై కోసమా అని తనను తాను అడిగితే జవాబు దొరకలేదు. చూలై తనను కోరుకోకపోతే, అదే రైలు దారిలో రోజూ తిరగడం తన వల్ల కాదు. ఆ సంగతి తెలుసుకోకుండా సారుకేమని చెప్పాలి?

ఆ వారం చివరి ట్యూబు వచ్చింది. లోపల ఆర్గాన్. దానితో పాటు, ఆమె అడిగిన తిరిగే అద్దం కూడా ఒక డబ్బాలో వచ్చింది. మునెమ్మ అవ్వ పాత మిక్సీ మోటారుకు చిన్న అద్దం ముక్కను అమర్చి పంపాడు.

శనివారం పొద్దున రంజనిని తోడు పిలుచుకుని, గది చీకటి చేసి, ట్యూబు వెలిగించింది. లేత ఊదారంగు. ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే ధార. చారల జాడ లేదు. ఇది ఊరికే వెలుగుతోంది గదా, ఇందులో చూడటానికేముంది అని రంజని అడిగింది.

ఆగమంది ఇంద్రజ. అద్దంలోకి చూడమంది. అద్దం కదలకుండా ఉన్నంతసేపూ అందులో కనిపించిందీ అదే గీత. అప్పుడు మోటారు స్విచ్చు వేసింది. అద్దం తిరగడం అందుకుంది. ఆ నిలకడైన గీత ఒక్కసారిగా చీలిపోయింది. ఏటవాలుగా, పక్కపక్కనే, లెక్కలేనన్ని వెలుగు చారలు. ఎప్పుడూ ఉన్నాయవి. ట్యూబు లోపల ఒక చివర నుంచి ఇంకో చివరికి పరుగుపెడుతూనే ఉన్నాయి. కంటికి అందనంత వేగం కాబట్టి నిలకడగా ఉన్నట్టు అనిపించింది.

రంజని చాలాసేపు చూసింది. తర్వాత, మీ చూలై పెద్దమనిషి కూడా ఇంతేనేమో, నువ్వు కదలకుండా కూర్చుని చూస్తే ఏం కనిపిస్తుంది అంది. ఆటపట్టించడానికే అన్నది. ఇంద్రజ నవ్వలేదు.

రంజని వెళ్ళిపోయాక, అరలోంచి ఆ మూడో ట్యూబును, అతను మొట్టమొదట తన ముందు చేసిన గులాబీరంగు ట్యూబును తీసింది. రెండు చేతులతో పట్టుకుని సిమెంటు నేల మీదికి చాపింది. వదిలితే చాలు. పగిలిందని చెప్పి వెళ్ళొచ్చు. వేళ్ళు విడలేదు.

ట్యూబును చున్నీలో చుట్టింది. పైన ప్లాస్టిక్ కవరు తొడిగింది. గిండీలో రైలెక్కింది.

ఆమె వెళ్ళేసరికి శ్రీకుమార్ మంట ముందు ఉన్నాడు. నోట్లో రబ్బరు గొట్టం. గాజు ఎర్రబడి వంగుతోంది. ఆమెను చూసి ఒక కనుబొమ్మ ఎత్తాడు.

ఈసారి ఇంద్రజకు తెలుసు. ఆ వంపు తిరిగేదాకా అతను నోరు తెరవలేడు. అంత సమయం తనది.

"మీరు మాట్లాడలేరని తెలిసే ఇప్పుడు చెబుతున్నాను," అంది. "ఆయుధపూజ నాడు అవ్వకు నేను చెప్పింది అబద్ధం. అంతమంది ముందు నిజం చెప్పడానికి సిగ్గేసింది. ట్యూబుల కోసమే అయితే కన్నియప్పన్ చాలు. నేను వచ్చింది ట్యూబుల కోసం కాదు."

గాజు వంపు దగ్గర నొక్కుకుపోయింది.

అతను ఊదడం మరిచిపోయాడు. మెత్తబడ్డ గాజు తనలో తాను ముడుచుకుని, ఎందుకూ పనికిరాని ముద్దయింది. వెనక బల్ల దగ్గర మునిస్వామి కళ్ళద్దాలు పైకి జరుపుకుని చూశాడు. కొడుకు చేతిలో వంపు పాడవడం ఆయన చూసి చాన్నాళ్ళయి ఉండాలి.

శ్రీకుమార్ గొట్టం తీసి పక్కన పెట్టాడు. మంట ఆర్పాడు. కొట్టులో వానచప్పుడు మిగిలింది. ఆమె చేతిలోంచి ట్యూబు అందుకుని, చున్నీ విప్పి, తీగలు తగిలించాడు. గులాబీరంగు బిళ్ళలు ఒకదాని పక్కన ఒకటి, మొదటి రోజు ఎలా ఉన్నాయో అలాగే వెలిగాయి.

"ఏం తప్పుండాది ఇందులో?" అన్నాడు.

"ఏ తప్పూ లేదు."

"మరెందుకు తెచ్చినారు?"

"పగలగొడదామనుకున్నాను. పగిలితే రావచ్చని. చెయ్యి రాలేదు."

అతను ట్యూబు వంకే చూశాడు. "నేనూ ఒకటి చెడగొడదామనుకున్యా. సీలు పెట్టేటప్పుడు సన్నంగా ఒక సందు వదిలితే చాలు. కొన్నాళ్ళకి వెలుగు పోతాది. అప్పుడు మీరే తీసుకొస్తారు." చేతుల్ని పంచెగుడ్డకు తుడుచుకున్నాడు. "ప్రతి ట్యూబుకీ అనుకున్యా. నాకూ చెయ్యి రాలా."

ఇంద్రజకు కళ్ళు తుడుచుకోవడానికి చున్నీ కావాల్సి వచ్చింది. అది అతని చేతిలో ఉంది. అతను ఇవ్వలేదు, మరిచిపోయి పట్టుకునే ఉన్నాడు.

స్టూలు లాక్కుని కూర్చుని కందుకూరు సంగతి, సారు ప్రాజెక్టు సంగతి, సోమవారం సంగతి అన్నీ చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. ఉండమని అనలేదు. మిక్సీ అద్దంలో పూసలు కనిపించాయా అని అడిగాడు. కనిపించాయంది.

"ఎందుకట్ట పరిగెత్తతా ఉండాయో తేలిందా?"

"కొంత తేలింది. ఇంకా చాలా ఉంది."

"తేల్చుకోవాల గదా మరి." ట్యూబు చివర తీగను అవసరం లేకపోయినా సర్దాడు. "నా కోసరం ఉండమని చెప్పను. కందుకూరుకైనా బస్సుండాది, నేనొస్తా. ఈడే ఉంటే..."

"ఇక్కడే ఉంటే?"

"మా అవ్వకి తెలుగు మాట్లాడేదానికి ఒక మనిషి ఉంటాది."

"అవ్వకేనా?"

అతను మొదటిసారి తలెత్తి ఆమెను నేరుగా చూశాడు. ఆ ముఖంలో ఇప్పుడు నిలకడగా ఉన్నదేదీ లేదు.

"అవ్వ మనమడికి కూడా," అన్నాడు.

అప్పుడు మునిస్వామి దగ్గాడు. ఆయన ఉన్న సంగతి ఇద్దరికీ అప్పుడే గుర్తొచ్చింది. ఇంద్రజ స్టూలు మీంచి లేచి నిలబడింది. ఆయన మెల్లగా బల్ల దాటుకుని వచ్చాడు. ముద్దయిపోయిన గాజును చూశాడు. పూసలు కట్టిన ట్యూబును చూశాడు. కొడుకు చేతిలో ఉన్న చున్నీని చూశాడు. ఆయన కోపంగా ఉన్నాడో లేదో ముఖం చూసి కనుక్కోవడం ఇంద్రజ వల్ల కాలేదు. కొడుక్కి ఆ ముఖం ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం అర్థమైంది.

ఆయన తీగలు విప్పి, ట్యూబును రెండు చేతులా ఎత్తి, గోడకున్న చెక్కపలక మీద పెట్టాడు. మళ్ళీ తీగలు తగిలించాడు. ఆయనకు నచ్చని పూసలు వెలిగాయి. వాటి వంక కాసేపు చూశాడు.

"వెనక్కొచ్చిన సరుకు," అన్నాడు. "ఊరికే తిప్పి పంపేది మన కొట్టులో లేదు. ఒక రోజన్నా వెలగాల. రేపొచ్చి చూసుకోమ్మా."

శ్రీకుమార్ నెమ్మదిగా అన్నాడు, "రేపు ఆదివారం నాయనా. కొట్టు మూత."

"తెరుస్తాం," అన్నాడు మునిస్వామి.